సంపు సెన్సర్ డబ్బా: ఎస్పీ రోడ్డు నుంచి పీణ్య దాకా

ట్యాంకర్‌కి ఫోన్ చేసే ముందు సంపులో నీళ్లెంత ఉన్నాయో తెలియాలని మా అపార్ట్‌మెంట్‌కి నేనొక సెన్సర్ చేశాను. సర్క్యూట్ తేలిక. ప్రాణం తీసేది డబ్బా, దాన్ని బిగించే బ్రాకెట్. బెంగళూరులో ఏ పని ఎక్కడ చేయించాలో, ఎక్కడ తేడా కొడుతుందో రాస్తున్నాను.

సామానంతా ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోలర్), తడికి తట్టుకునే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచేది), 5 వోల్టుల అడాప్టర్, రెండు రెసిస్టర్లు. సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3. ఎకో నుంచి 1 కిలో ఓమ్, అక్కణ్ణుంచి గ్రౌండుకి 2 కిలో ఓమ్ వేసి, రెండూ కలిసేచోట వైరు తీసుకోవాలి. ఇవి లేకపోయినా మొదట్లో పనిచేసేస్తుంది. చిక్కంతా అక్కడే, పిన్ను ఎప్పుడు పోతుందో తెలీదు. 230 వోల్టుల అడాప్టర్‌ని మాత్రం సంపు దరిదాపులకి తేవద్దు.

సెన్సర్‌కి 20-25 సెం.మీ. లోపున్నది కనపడదు. సంపు నిండేసరికి రీడింగు పిచ్చిపిచ్చిగా వస్తుంటే కారణం ఇదే. నిండు మట్టానికి కనీసం 30 సెం.మీ. పైన బిగించాలి. గోడకీ, ఇనుప నిచ్చెనకీ, పైపుకీ దూరంగా పెట్టాలి. లేకపోతే నీటికన్నా ముందు వాటి ప్రతిధ్వనే తిరిగొస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. అంటే 10 డిగ్రీల తేడాకి 2 మీటర్ల లోతులో సుమారు 3.5 సెం.మీ. తప్పు. సంపుకి పర్లేదు. డాబా మీది ట్యాంకుకైతే ఉష్ణోగ్రత సెన్సర్ కూడా పెట్టాల్సిందే.

ఇక డబ్బా. ఇది మేకర్‌స్పేస్ పని, అంటే లేజర్ కట్టర్, త్రీడీ ప్రింటర్ లాంటి మెషీన్లని మనమే వెళ్లి వాడుకునే చోటు. లేజర్ కట్టర్‌కి 3 మి.మీ. అక్రిలిక్ తీసుకెళ్లండి, పీవీసీ షీటు తీసుకెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. పీవీసీని లేజర్ కాలిస్తే క్లోరిన్ ఉన్న విషవాయువులొస్తాయి, మనుషుల ఊపిరితిత్తులతో పాటు మెషీన్ పట్టాలూ తుప్పు పడతాయి. 3 మి.మీ. అని అమ్మే షీటు కొలిస్తే చాలాసార్లు 2.8 కూడా ఉండదు, కాబట్టి డిజైన్‌కి ముందే వెర్నియర్‌తో కొలవాలి. పైగా లేజర్ కొంత మెటీరియల్‌ని తినేస్తుంది. 2.6 నుంచి 3.1 దాకా 0.05 చొప్పున పెరిగే స్లాట్లను, అంటే మరో షీటు అంచు దూరే సందులను, ముందు ఒక తుక్కు ముక్క మీద కోసి చూడండి. ఎండీఎఫ్‌కైతే (చెక్కపొడి అదిమి చేసే షీటు) బిగుతుగా పట్టే స్లాటు మంచిది. అక్రిలిక్‌కి అలా కుదరదు, అది వంగదు, పగులుతుంది; కాస్త వదులుగా కోసి ఎం3 (3 మి.మీ.) స్క్రూ, నట్టుతో బిగించాలి. కోసిన అంచుని స్పిరిట్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు బయల్దేరతాయి, సబ్బునీళ్లు చాలు.

లేజర్ కట్టర్‌కిచ్చే డ్రాయింగు, అంటే డీఎక్స్‌ఎఫ్ ఫైలు, మి.మీ.లోనే సేవ్ అయిందో లేదో చూసుకోండి. అంగుళాలనుకుని తెరిస్తే బొమ్మ 25.4 రెట్లవుతుంది. లోపలి రంధ్రాలు ముందు, బయటి గీత చివర కొయ్యాలి, లేకపోతే ముక్క కదిలి రంధ్రాలు పక్కకి జరుగుతాయి. సెన్సర్ పట్టుకునే హోల్డర్ మాత్రం త్రీడీ ప్రింటే. పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఇనుప మూత కింద జారిపోతుంది. పీఈటీజీ వాడండి.

బ్రాకెట్ లాంటి లోహపు పనులు చేసేది పీణ్య పారిశ్రామికవాడలో. అక్కడ ఏ షెడ్డుకెళ్లినా మొదటి ప్రశ్న, "ఎన్ని పీసులు సార్?" ఒక్కటే అంటే చూపు మళ్లీ మెషీన్ మీదకి పోతుంది. తప్పు వాళ్లది కాదు, ఒక్క ముక్కకి చేసినా వందకి చేసినా సెటప్ సమయం అంతే. ఈ ఊరికి హెచ్‌ఏఎల్, హెచ్‌ఎంటీ, బీఈఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఎప్పుడో పనితనం నేర్పాయి. కొరతగా ఉన్నది ఆ మొదటి ఒక్క ముక్కని చేసిపెట్టే చోటే. మేకర్‌స్పేస్ విలువ నాకక్కడే కనిపిస్తుంది, గోడ మీద రాసే ఇన్నొవేషన్ నినాదాల్లో కాదు. ఇలాంటి చోట్లకే ఫ్యాబ్ ల్యాబులని పేరు పెట్టి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబుల్లో ఒకటి పుణె దగ్గర పాబల్ విజ్ఞాన్ ఆశ్రమంలో, 2002లో వచ్చింది. అదీ పల్లెటూరి అవసరాల కోసమే.

కాబట్టి బ్రాకెట్‌ని ముందు అక్రిలిక్‌లోనో ఎండీఎఫ్‌లోనో కోసి, సంపు మీద పెట్టి, రంధ్రాలు సరిపోయాయని తేలాకే పీణ్యకి వెళ్లాలి. నాలుగైదు అపార్ట్‌మెంట్లకి కలిపి ఆర్డరిస్తే మాట వింటారు. 1.5 మి.మీ. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) రేకు అడగండి. పౌడర్ కోటింగ్ వేసిన మామూలు ఇనుము సంపు తేమకి అంచుల నుంచి తుప్పు పడుతుంది. మడత గీతకి రంధ్రం అంచు 6 మి.మీ. కన్నా దగ్గరుంటే వంచేటప్పుడు గుండ్రం పోయి కోడిగుడ్డవుతుంది. డ్రాయింగ్‌లో కొలత మడత లోపలి నుంచా, బయటి నుంచా అన్నది రాసివ్వాలి. ముక్క చేతికొచ్చాక కేబుల్ ఆనే అంచు మీద వేలు పెట్టి చూడండి. బర్రు, అంటే కోతలో మిగిలిన పదును మొన, తగిలితే అక్కడే ఆకురాయి పట్టించి తెచ్చుకోవాలి.