మోటారు షాపులో రిలేటివిటీ: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఇంటర్నల్ మార్కుల కోసం తలా ఒక సెమినార్ ఇవ్వాలి. టాపిక్కులు చీటీలు వేసి పంచారు. పక్కవాడికి లేజర్లు తగిలాయి. నాకు ‘ప్రత్యేక సాపేక్షత, విద్యుదయస్కాంతత్వంతో దాని సంబంధం’ వచ్చింది. ప్రత్యేక సాపేక్షత అంటే ఐన్‌స్టీన్ స్పెషల్ రిలేటివిటీ. మార్చుకుందామని బిర్యానీ ఆశ చూపినా వాడు ఒప్పుకోలేదు.

నిజం చెప్పాలంటే ఈ రెండింటికీ చుట్టరికం ఉందనే నాకు తెలీదు. డిగ్రీలో రిలేటివిటీ ఒక పేపర్లో, కరెంటూ అయస్కాంతమూ ఇంకో పేపర్లో చదివాం. పరీక్షలో ఎవరూ కలిపి అడగలేదు, నేనూ కలిపి చూడలేదు. రిలేటివిటీ అంటే రాకెట్టెక్కి వెళ్లిన కవల, ఇక్కడే ఉండి ముసలివాడైన కవల. అంతే.

మాది కందుకూరు, కాలేజీ కావలిలో. నాయనకు మోటార్లకు వైండింగ్ కట్టే షాపుంది. సాయంత్రం బస్సు దిగితే ముందు షాపుకే వెళ్తాను, చదువూ అక్కడే.

ఐన్‌స్టీన్ 1905 పేపర్ అసలు ఏం చెబుతుందో చూద్దామని తెరిచాను. మేఘనాద్ సాహా చేసిన దాని ఇంగ్లిష్ అనువాదాన్ని, సత్యేంద్రనాథ్ బోస్ చేసిన ఇంకో ఐన్‌స్టీన్ పేపర్ అనువాదంతో కలిపి, 1920లోనే కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అప్పటికి ఇద్దరికీ ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ పేపర్ పేరే కదిలే వస్తువుల విద్యుద్గతిశాస్త్రం. రాకెట్లు లేవు, కవలలు లేరు. మొదటి పేరాలో ఉన్నది ఒక అయస్కాంతం, ఒక తీగ. అయస్కాంతాన్ని కదిపితే దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం పుట్టి తీగలో కరెంటు పారుతుందని అప్పటి సిద్ధాంతం. తీగను కదిపితే మాత్రం అయస్కాంతం చుట్టూ విద్యుత్ క్షేత్రమేమీ పుట్టదు, అయినా అంతే కరెంటు వస్తుంది. ఫలితం ఒకటే అయినప్పుడు కారణాలు రెండెందుకన్నది ఆయన అభ్యంతరం.

షాపులో పాత సైకిల్ డైనమో ఒకటి పడి ఉంది. అందులో తిరిగేది అయస్కాంతం, కాయిల్ కదలదు. బొమ్మ కారులోంచి పీకిన బుల్లి మోటారులో తిరిగేది కాయిల్. మీటరును ఒకసారి ఏసీలో, ఒకసారి డీసీలో పెట్టి రెండింటినీ చేత్తో తిప్పాను. రెండుసార్లూ ముల్లు లేచింది. నాయన చూసి, “ఏది తిరిగితే ఏముంది రా, ఒకదాని ముందు ఇంకోటి కదిలితే చాలు గదా” అన్నాడు. ఐన్‌స్టీన్ మొదలుపెట్టిందీ అక్కడే అని చెప్పాను. “మరి దానికి నీకు ఎమ్మెస్సీ ఎందుకు?” అన్నాడు.

ఎందుకంటే అక్కడితో ఆగదు. కరెంటునూ అయస్కాంతాన్నీ కలిపి వివరించే మాక్స్‌వెల్ సమీకరణాల్లోంచి కాంతి వేగం సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లని వస్తుంది, కానీ ఎవరు చూస్తే అంత అన్న మాట వాటిలో ఉండదు. ఎవరు చూసినా అంతే అని ఒప్పుకుంటే, కదిలే వస్తువు పొడవు తగ్గిందనీ ఒప్పుకోవాలి. అదంతా డిగ్రీలో బట్టీ పట్టిందే. ఆ తగ్గడం మామూలు కరెంటు తీగలో కూడా జరుగుతుందని చదివినప్పుడు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. లెక్క వేసి తేల్చుకుందామని బిల్లు పుస్తకంలో ఒక కాగితం వెనక్కి తిప్పాను.

అడ్డంగా కోస్తే చదరపు మిల్లీమీటరుండే రాగి తీగ, ఒక ఆంపియర్ కరెంటు. ఎలక్ట్రాన్లు నడిచేది సెకనుకు 0.07 మిల్లీమీటరు, అంటే గంటకు పాతిక సెంటీమీటర్ల పైచిలుకు. నత్త నయం. ఈ వేగానికి పొడవులో ఎన్నో వంతు తగ్గుతుందంటే, పాయింటు తర్వాత పాతిక సున్నాలు పెట్టి ఆ తర్వాత 3 వేయాలి. ఇంత చిన్న తేడాకు బలమెక్కడిది? ఒక మీటరు తీగలో కదిలే చార్జి ఎంతో చూస్తే తెలిసింది, సుమారు 13,600 కూలుంబులు (చార్జిని కొలిచే యూనిట్)! మామూలుగా అంతే పాజిటివ్ చార్జి దాన్ని సరితూచి కూర్చోబెడుతుంది. ఆ త్రాసు వెంట్రుకవాసి ఒరిగినా చాలు.

మీటరు దూరంలో ఇలాంటిదే ఇంకో తీగ, కరెంటు అటే పోతోంది. ఆ రెండో తీగలోని ఎలక్ట్రాన్ వైపు నుంచి మొదటి తీగను చూడాలి. దానికి పాజిటివ్ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్లు వదిలిన రాగి పరమాణువులు, వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, కాబట్టి దగ్గర పడతాయి. తీగ కాస్త పాజిటివ్ అవుతుంది, ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. లెక్క కట్టాను. మీటరు తీగకు బలం 1×10⁻⁷ న్యూటన్ వచ్చింది. రావాల్సింది 2×10⁻⁷. 2019 దాకా ఆంపియర్‌ను నిర్వచించిన అంకె అది, తప్పయ్యే వీల్లేదు. సరిగ్గా సగం ఎక్కడో పోయింది.

రెండు రోజులు టెన్షన్. మూడోరోజు బస్సులో ఇంకో అనుమానం వచ్చింది. షాపులో నిలబడి చూసే నాకు కదిలేవి ఎలక్ట్రాన్లు కదా, మరి అవి దగ్గర పడి తీగ నెగటివ్ కావాలి కదా? కాదు. ఎందుకంటే ఎలక్ట్రాన్ల వరుస ఇనప కడ్డీ కాదు. తీగ ఒక చుట్టు, కరెంటు పారకముందు ఎన్ని ఉన్నాయో పారేటప్పుడూ అన్నే. కాబట్టి నాకు వాటి మధ్య ఎడం మారదు. అంటే వాటితోపాటు వెళ్తూ చూస్తే ఆ ఎడం పెరిగి ఉండాలి. పాజిటివ్‌లు చిక్కబడ్డాయి సరే, నెగటివ్‌లు పలచబడ్డాయి కూడా. నా సగం అక్కడుంది. ఇల్లు చేరే దాకా ఆగలేక ఫోన్లోనే లెక్క చేశాను. 2×10⁻⁷.

షాపుకెళ్లేసరికి నాయన బోరు మోటారు కాయిళ్ల తలలను నూలు దారంతో బిగించి కడుతున్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. “స్టార్టింగ్‌లో తీగలు గుంజుకుంటాయి రా. వదులుగా ఉంటే ఒరుసుకుని షార్టవుతుంది” అన్నాడు. మోటారు స్టార్టయ్యేటప్పుడు కరెంటు ఆరింతలైతే ఆ గుంజుడు ముప్పై ఆరింతలు.

సెమినార్‌ను మా ఊరితో మొదలుపెట్టాను. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు పోయింది, ఊరు మాత్రం అంగుళం కదల్లేదు అంటే అందరూ నవ్వారు. ఆ ఊపులో ‘అయస్కాంతత్వం అనేదే లేదు, ఉన్నదంతా విద్యుత్తే’ అని ఆఖరి స్లయిడ్ వేశాను. మేడమ్ అక్కడ పట్టుకున్నారు. “ఆ తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం సున్నా అయ్యే ఫ్రేము ఒక్కటి చూపించు” అన్నారు. ఫ్రేము అంటే ఏ వేగంతో కదులుతూ చూస్తున్నామన్నది. నేను నోరు మెదపలేదు. ఆవిడ లేచి బోర్డు మీద E² − c²B² అని రాశారు. E విద్యుత్ క్షేత్రం, B అయస్కాంత క్షేత్రం, c కాంతి వేగం. ఏ ఫ్రేములో చూసినా దీని విలువ ఒక్కటే. తీగ పక్కన నిలబడితే విద్యుత్ క్షేత్రం లేదు, అయస్కాంత క్షేత్రం ఉంది, కాబట్టి అది మైనస్. అయస్కాంత క్షేత్రాన్ని సున్నా చేస్తే అది మైనస్ కాలేదు. నా ఎలక్ట్రాన్ ఫ్రేములో కూడా ఆ క్షేత్రం ఉంది, ఎలక్ట్రాన్ కదలడం లేదు కాబట్టి దానికి తగల్లేదంతే. ‘రెండూ ఒకే క్షేత్రంలో భాగాలు, పంపకం చూసేవాణ్ని బట్టి’ అని స్లయిడ్ మార్పించారు. ఇరవైకి పదహారు వేశారు.

ఆ సగం తప్పిన లెక్క కాగితాన్ని దాచుకుందామని వెళ్లి వెతికితే పుస్తకంలో లేదు. ముందు పక్క ఖాళీగానే ఉందని నాయన దాని మీద గుడ్లూరు రైతుకు బిల్లు రాసి చించి ఇచ్చేశాడట.