అమ్మకమా, అప్పా: ఒక్క ప్రశ్న దగ్గర పోగొట్టుకున్న ఏడాది

పోయిన వారం ఓసీఎస్ (ఒడిశా సివిల్ సర్వీసు) పరీక్ష తుది జాబితాలో నా నంబరు కనిపించింది. మూడో ప్రయత్నం. అప్పటి నుంచి బరంపురం, రాయగడ, గునుపురం, జయపురంలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఫోన్లు చేసి ఏ పుస్తకాలు చదివారని అడుగుతున్నారు. అందరం చదివేవి అవే పుస్తకాలు. సిలబస్ మీకు కంఠతా వచ్చు. అందుకని రెండో ప్రయత్నంలో ఇంటర్వ్యూ ఎలా చెడగొట్టుకున్నానో చెబుతాను.

కటక్‌లో బోర్డు ముందు కూర్చున్నాను. మాది పర్లాకిమిడి అని చూసి మొదట ఊరి సంగతులు అడిగారు. 1936లో ఒడిశా ఏర్పాటు, మద్రాసు నుంచి విడిపోయిన ప్రాంతాలు, వంతెన దాటితే పాతపట్నం, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చే తెలుగు పత్రిక, అన్నీ హుషారుగా చెప్పాను. అప్పుడు చివరి కుర్చీలోని సభ్యుడు మెల్లగా అడిగారు: "రాష్ట్రం నుంచి మూడేళ్ల తర్వాత రావలసిన సొమ్ము మీద హక్కును మీ పురపాలక సంఘం ఇవాళే అమ్ముకోవచ్చా?"

తెలిసిన ప్రశ్నే అనుకున్నాను. 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టం, 1998లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ మార్కెట్లో అప్పు కోసం తెచ్చిన 100 కోట్ల బాండ్లు, అలాంటి బాండ్లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన 2015 నిబంధనలు గడగడా అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "నేను అప్పు గురించి అడగలేదు, అమ్మకం గురించి అడిగాను. తేడా ఏమిటి?" అన్నారు. "ఫలితం ఒకటేనండీ" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఏడు మార్కుల తేడాతో జాబితాలో పేరు పోయింది. ఆ జవాబే కారణమని రుజువు చేయలేను. కానీ ఆయన పెన్ను కదిలిన తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఆ తేడా నాకు తెలిసింది ఏ కోచింగ్‌లోనూ కాదు, మా మావయ్య ఇంటి అరుగు మీద. ఆయన చిన్న గుత్తేదారు. ఒక కల్వర్టు పనికి రావలసిన 4 లక్షల 20 వేల బిల్లు ఒక ఆఫీసులో నెలల తరబడి కదలలేదు. కూలీలు ఇంటి చుట్టూ తిరుగుతుంటే ఊళ్లోని ఒక వ్యాపారి దగ్గర 3 లక్షల 80 వేలు తీసుకున్నాడు. "బిల్లు అమ్మేశానురా, పీడా వదిలింది" అన్నాడు. స్టాంపు కాగితం చూపించమన్నాను. పైన "విక్రయ పత్రం" అని ఉంది. చివరి వాక్యం మాత్రం ఇది: "ఏడాదిలోగా సదరు బిల్లు సొమ్ము రాని పక్షంలో పై మొత్తాన్ని వడ్డీతో సహా నేనే చెల్లించగలవాడను."

అంటే ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోతే మునిగేది మావయ్యే. పైన ఏ పేరు రాసుకున్నా, నష్టం అమ్మినవాడి నెత్తిన మిగిలితే అది అప్పే. నష్టం కొన్నవాడికి మారితేనే అమ్మకం. ఆ సభ్యుడు నా నుంచి ఆశించింది ఈ రెండు ముక్కలే.

ఆ తర్వాత వెతికితే కాలిఫోర్నియా దొరికింది. 2009లో ఖజానా ఖాళీ అయిన ఆ రాష్ట్రం, నగరాలకూ కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి) ఇతర స్థానిక సంస్థలకూ చెందవలసిన ఆస్తి పన్నులో 8 శాతం అప్పుగా తీసుకుంది. 2004లో ఓటర్లు నేరుగా ఓటేసి ఆమోదించిన ప్రొపొజిషన్ 1ఏ అనే ప్రతిపాదన ప్రకారం అందుకు గవర్నరు తీవ్ర ఆర్థిక ఇబ్బందిని ప్రకటించాలి, చట్టసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, మూడేళ్లలో వడ్డీతో తీర్చాలి. పదేళ్లలో రెండుసార్లకు మించి ఆ పని చేయకూడదు. అన్నాళ్లు ఆగలేని సుమారు 1,300 స్థానిక సంస్థలు పాలకవర్గ తీర్మానాలు చేసి ఆ రాబడి హక్కును, స్థానిక సంస్థలు కలిసి ఏర్పాటు చేసుకున్న ఒక ఉమ్మడి అధికార సంస్థకు అమ్మేశాయి. అది దాదాపు 190 కోట్ల డాలర్ల బాండ్లు తెచ్చి, 2010లో రెండు వాయిదాల్లో ఆ స్థానిక సంస్థలకు పూర్తి సొమ్ము చెల్లించింది. వడ్డీ, ఖర్చులు రాష్ట్రానివి. గడువు తీరే 2013లో రాష్ట్రం ఎగ్గొడితే మునిగేది బాండ్లు కొన్నవాళ్లు, నగరాలు కాదు. మా మావయ్య కాగితంలోని చివరి వాక్యం అక్కడ లేదు! ఇలాంటి అప్పుకు 2010 నవంబరులో ప్రొపొజిషన్ 22తో ఓటర్లు తలుపే మూసేశారు.

మూడోసారి మెయిన్స్‌లో స్థానిక సంస్థల వనరుల మీద ప్రశ్న కనబడగానే ఇదే రాశాను. మొత్తం, తేదీ, చట్టపరమైన బాధ్యత, ఈ మూడూ ఖాయమైతేనే హక్కును ఎవరైనా కొంటారు. మన రాష్ట్ర ఆర్థిక సంఘాలు రాజ్యాంగంలోని 243-ఐ, 243-వై అధికరణల కింద చేసేవి సిఫారసులే. వాటిలో ఎంత అందుతుందో ఎప్పుడు అందుతుందో చెప్పలేనప్పుడు ఏ ధరకు కొంటారు? కేంద్రం వేసిన పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు సిఫారసు చేసిన గ్రాంట్లను రాష్ట్రం 10 పనిదినాల్లో బదిలీ చేయాలని, ఆలస్యమైతే వడ్డీ కట్టాలని షరతు ఉండేది. బాగుంది. కానీ అందులో పంచాయతీల వాటాలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపడిన సొమ్ము, అది అమ్ముకునే సరుకు కాదు. ఇక అహ్మదాబాద్ నమ్ముకున్నది తన సొంత ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకుల మీద పన్ను) రాబడిని, రాష్ట్రం ఇచ్చే సొమ్మును కాదు. పోయినసారి బోర్డు ముందు ఆ ఉదాహరణ చెప్పడమే నా తప్పు.

ఒక్క ప్రశ్న కోసం మూడు నెలలు తగలేశావని గదిలో నాతో ఉన్నవాళ్లు నవ్వారు. తగలేయలేదు. బడ్జెట్టు, ప్రభుత్వ లోటుకూ అప్పుకూ హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం, రాష్ట్రాల అప్పుల గురించిన 293వ అధికరణ, అన్నీ ఆ దారిలోనే చదివాను. మీలో చాలామంది రోజూ కొత్త నోట్సు కొంటారు, పాతది తెరవరు. పొద్దున ఐదింటికి లేవమని నేను చెప్పను, నేనూ లేవలేదు. కానీ రాత్రి పడుకునే ముందు ఆ రోజు చదివినది పక్కవాడికి తెలుగులో చెప్పి చూడండి. చెప్పలేకపోతే అది మీకు రానట్టే. ఒడియా భాషా పేపరు ఎలాగూ అర్హత పేపరే కదా అని నిర్లక్ష్యం చేయకండి. ఇంట్లో తెలుగు మాట్లాడే మనకు దెబ్బ తగిలేది అక్కడే.

మూడో ఇంటర్వ్యూలో అమ్మకం గురించీ అప్పు గురించీ ఎవరూ అడగలేదు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల గురించి అడిగారు. పావుగంట అదే మాట్లాడుకున్నాం.

మావయ్య బిల్లు గడువుకు పంతొమ్మిది రోజుల ముందు మంజూరైంది, వ్యాపారి తన సొమ్ము తీసుకున్నాడు. మావయ్య ఇప్పటికీ "అమ్మేశాను" అనే అంటాడు.