తరువాతి సీను ఎవరి నిర్ణయం వల్ల వచ్చింది?

సినిమాలో ఆడవాళ్ళను ఎలా చూపించారో గమనిద్దామని కూర్చున్నవాళ్ళు చాలామంది ముందు బట్టల దగ్గర ఆగిపోతారు. కంటికి వెంటనే ఆనేది అదే కదా. కానీ నిండుగా చీర కట్టుకున్న పాత్ర కూడా రెండున్నర గంటల్లో ఒక్క నిర్ణయమూ తీసుకోకుండా వెళ్ళిపోవచ్చు. కాబట్టి ముందు కథని ఎవరు కదుపుతున్నారో పట్టుకోండి. ఒక సీను అయిపోయి ఇంకోటి వచ్చిందంటే ఎవరో ఒకరు ఏదో అనుకుని, ఏదో చేయబట్టే వచ్చింది. ఆ అనుకున్నది ఎవరు?

సినిమాని రెండుసార్లు చూడాలి. మొదటిసారి మామూలు ప్రేక్షకుల్లాగే చూడండి. నవ్వొస్తే నవ్వండి, ఏడుపొస్తే ఏడవండి. ఆ సినిమా మన మీద ఎలా పనిచేస్తుందో తెలియకపోతే రెండోసారి రాసుకునేదానికి అర్థం ఉండదు. రెండోసారి ఇంట్లో, పాజ్ నొక్కే వీలున్నప్పుడు చూడండి. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకోండి: సీను మొదలైన నిమిషం, ఎవరెవరున్నారు, ఎవరికి ఏం కావాలి, చివరికి ఎవరి మాట నెగ్గింది. ఆపుతూ రాసుకుంటే సినిమా నిడివికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. ఫస్టాఫ్ ఒకరోజు, సెకండాఫ్ ఇంకోరోజు పెట్టుకుంటే నయం. అలసిపోయి రాసిన నోట్సులో సెకండాఫ్ ఎప్పుడూ పలచగా ఉంటుంది. హీరోయిన్ కథలోంచి జారిపోయేది ఎక్కువగా అక్కడే.

మూడో గడి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 'ఆమెకి అతనంటే ఇష్టం' అని రాసి వదిలేస్తారు. అది చాలదు. రేపు లేచి ఆమె చేయగలిగిన పని ఏదైనా ఉందా అని చూడాలి: ఉద్యోగం, అప్పు తీర్చడం, చదువు, ఇల్లు వదలడం, ఒకరిని నిలదీయడం. ఇంటర్వెల్ దాకా ఏమీ దొరక్కపోతే ఖాళీగానే వదిలేయండి, మీ ఊహతో నింపొద్దు.

1955లో వచ్చిన 'మిస్సమ్మ'ని ఇలా రాసి చూడండి. మేరీ డిగ్రీ చదివిన అమ్మాయి. ఇంటి మీద అప్పుంది. అప్పిచ్చినవాడు తనని పెళ్ళి చేసుకోమని వెంటపడుతున్నాడు. ఆ అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి. ఉద్యోగమేమో భార్యాభర్తలకే ఇస్తామంటున్నారు. అందుకే పరిచయం అంతంతమాత్రమైన మనిషి పక్కన భార్యగా నటించడానికి సిద్ధపడుతుంది. ఫస్టాఫ్ అంతా మూడో గడి నిండుగా ఉంటుంది. ఆమె కోపం, చిరాకు, మొండితనం అన్నిటికీ ఆ అప్పులోనో, ఆ నటనలోనో కారణం దొరుకుతుంది. ఇక ముగింపు చూడండి. తప్పిపోయిన జమీందారు కూతురు ఆమేనని తేలుతుంది. అంటే ఇంతకాలం ఆమె మోసుకొచ్చిన చిక్కు ఆమె చేసిన పనివల్ల కాకుండా ఆమె పుట్టుకవల్ల విడిపోతుంది. సినిమా మీద ఎంత ప్రేమున్నా నాలుగో గడిలో ఈ మాట రాయక తప్పదు. రాసినంత మాత్రాన ప్రేమ తగ్గదు.

స్క్రీన్ మీద ఎవరు ఎంతసేపున్నారో స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టేవాళ్ళు పాటలను విడిగా రాయాలి. ఐదు పాటలు, ఒక్కోటి నాలుగు నిమిషాలనుకుంటే ఇరవై నిమిషాలు హీరోయిన్ ఖాతాలో పడిపోతాయి. ఆ ఇరవై నిమిషాల్లో కథకి పనికొచ్చే మాట ఒక్కటీ ఉండకపోవచ్చు. పాటలు తీసేసి మళ్ళీ కూడితే కొన్ని సినిమాల్లో లెక్క సగానికి సగం పడిపోతుంది.

బెక్డెల్ పరీక్ష గురించి వినే ఉంటారు. అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ 1985లో తన కామిక్‌లో పెట్టారు, ఆలోచన మాత్రం స్నేహితురాలు లిజ్ వాలస్‌దని ఆమే చెప్పారు. ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకూడదు. మన సినిమాల్లో చిక్కొచ్చేది తల్లీకూతుళ్ళ సంభాషణ దగ్గర. 'పెళ్ళి వద్దు, ఎంటెక్ చేస్తాను' అని కూతురంటే లెక్కలోకి వస్తుందా? ఆ మాటల్లోంచి పెళ్ళికొడుకుని తీసేసి చూడండి. ఇంకా ఏమైనా మిగిలితే వస్తుంది. అయితే ఒక్క ఆడమనిషి చుట్టూ అల్లిన మంచి కథ ఈ పరీక్షలో తప్పొచ్చు, చీర రంగు గురించి రెండు ముక్కలున్న చెత్త సినిమా గట్టెక్కొచ్చు. దాన్ని తొలి వడపోతగా వాడుకోండి, తీర్పుగా వాడొద్దు.

కెమెరా సంగతి తెలియాలంటే ఒక డ్యూయెట్‌ని మ్యూట్‌లో చూడండి. పాట వినబడకపోతే షాట్లు విడివిడిగా కనబడతాయి. ఒక్కో షాటు ఆమె ముఖంతో మొదలైందా, నడుముతోనా? అతనిది ఎక్కడ మొదలైంది? ఆ షాటు ఎవరి కళ్ళతో చూస్తున్నదో కూడా రాసుకోండి. ముందు షాటులో ఎవరైనా ఆమె వైపు చూస్తుంటే అది వాళ్ళ చూపు. ఎవరూ లేకపోతే కెమెరానే చూస్తోంది, మనచేత చూపిస్తోంది. కెమెరా చూపు, పాత్రల చూపు, ప్రేక్షకుల చూపు ఎలా ఒకటైపోతాయో బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లోనే తన వ్యాసంలో విడమర్చి చెప్పారు.

ఆడతనం అంటూ తెరమీద మనం చూసేదాంట్లో నటన ఎంతో తెలుసుకోవడానికి 1957 నాటి 'మాయాబజార్' కన్నా మంచి పాఠం లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటించిన సీన్లు, మామూలు శశిరేఖగా ఆమె నటించిన సీన్లు పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి ఒక్కరే. భుజాలు, మెడ, అడుగు, చూపు మాత్రం మారిపోతాయి. శశిరేఖ కళ్ళు దించుకునే సందర్భంలో ఈ మాయా శశిరేఖ ఏం చేస్తుందో గమనించాక, ఏ సినిమాలోనైనా హీరోయిన్ తల దించుకుంటే అది ఎవరు దించమంటే దించిందో అడగాలనిపిస్తుంది.

ఇక వెంటపడే సీన్లు. వీటిలో కీలకం బీజీఎం, అంటే వెనక వినిపించే సంగీతం. అల్లరి వాయిద్యం వినిపిస్తే మనం నవ్వడానికి సిద్ధమైపోతాం. సౌండ్ తీసేసి సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఆమె ఎన్నిసార్లు కాదందో లెక్కపెట్టండి. ప్రతిసారీ వెంటనే వచ్చే షాటు ఎవరిదో రాయండి. ఆమె చెంపదెబ్బ కొట్టిందనుకుందాం. కెమెరా ఆమె ముఖం మీద నిలబడితే ఆ కోపం మనకి చేరుతుంది. పక్కనున్న స్నేహితుడి నవ్వు మీదికి కట్ అయితే అదే దెబ్బ జోకైపోతుంది. రెండు మూడు సెకన్లలో అర్థం తలకిందులవుతుంది. ఇష్టం లేదని స్పష్టంగా తెలిసినా పదేపదే వెంటపడటం 2013 నుంచి ఐపీసీ 354డి కింద నేరం. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. తొలిసారికే మూడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. పిల్లలతో కలిసి చూస్తున్నప్పుడు ఇలాంటి చోట పాజ్ నొక్కి, ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటికి ఏ దారిన వెళ్తుందని అడగండి చాలు.

గొంతు కూడా వినండి. తెరమీది మనిషి ఒకరు, డబ్బింగ్ ఇంకొకరు కావడం మనకి అలవాటే. గట్టిగా వాదించే సీనులో కూడా చిన్నపిల్ల గొంతు పెట్టారంటే ఆ కోపాన్ని ముద్దుగా చూడమని మనకి చెబుతున్నట్టే.

తల్లి, వదిన, పనిమనిషి పాత్రల్ని వదిలేయకండి. సినిమా మొత్తంలో తల్లిని ఎవరైనా పేరు పెట్టి పిలిచారా? మాట్లాడుతున్నప్పుడు ఆమె చేతిలో ఏముంది? గరిటె, కాఫీ కప్పు, పూజ పళ్ళెం తప్ప ఇంకేమీ కనబడకపోతే అదీ రాసుకోండి.

వీలైతే ఇద్దరు కలిసి చూసి, విడివిడిగా రాయండి. మూడో గడి, నాలుగో గడి పోల్చుకోండి. ఇద్దరూ ఒకేలా రాసిన సీన్లతో పెద్దగా పని లేదు. తేడా వచ్చిన సీన్లకి వెనక్కి వెళ్ళి, ఈసారి మ్యూట్‌లో ఒకసారి, కళ్ళు మూసుకుని వింటూ ఇంకోసారి చూడండి. ఆ తేడా మాటల్లోంచి వచ్చిందా, కటింగ్‌లోంచి వచ్చిందా, సంగీతంలోంచి వచ్చిందా అన్నది అక్కడ దొరుకుతుంది.