ఆరని రెండో పూత

మంగళవారం, చేర్యాల

పొద్దుగాల నుంచి మబ్బే. చేర్యాల పటం, అంటే పురాణ కథను బొమ్మలుగా వేసే పొడవాటి గుడ్డచుట్ట, దాని కోసం చట్రానికి లాగి కట్టిన ఖద్దరు గుడ్డ మీద నిన్న వేసిన రెండో పూత ఇంకా ఆరలేదు. పైకి తెల్లగా కనపడ్డా నమ్మొద్దు. అరచేయి ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. ఇప్పుడే మూడో పూత వేస్తే, రేపు పటం చుట్టినప్పుడు పెచ్చులు లేస్తాయి.

కానీ నానిన చింతగింజలు ఆగవు కదా. వేయించి, దంచి, పొట్టు తీసి రాత్రే నానబెట్టినవి. ఎర్రపొట్టు రవ్వంత మిగిలినా పూత మట్టిరంగుకు తిరుగుతుంది. మెత్తగా నూరి, నీళ్లు పోసి, సన్నని మంట మీద కలుపుతూనే ఉండాలి. చేయి ఆపితే ఉండకడుతుంది, ఆ ఉండ గుడ్డ మీద పడ్డచోట గీత వంకరపోతుంది. అందులో గంజి, సుద్దమట్టి, తిరుమణి చెట్టు బంక నీళ్లు కలిపి వడకడితే పూత తయారు. కష్టమంతా బంక దగ్గరే. ఎక్కువైతే పూత పెళుసెక్కి పగులుతుంది, తక్కువైతే వేలికి సుద్ద అంటుతుంది. పక్కన విడిగా పూసిన చిన్న పేలికను ఆరాక వేలికి చుట్టి విప్పితే సంగతి తెలుస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, అసలు పటం గోడకు వేలాడేది కాదు. మూడడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు ఊరూరా దాన్ని విప్పుతూ చుడుతూ తిరిగేవారు. ఇప్పుడు అడిగేది ఎక్కువగా ఫ్రేములో పట్టే చిన్న బొమ్మలు. అద్దం వెనక ఏ పూతైనా మంచిదే! భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన పటమే అయినా, గుడ్డను తడిమి చూసి కొనేవాళ్లు తక్కువ. (చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. పటాలకు మాత్రం చేర్యాల పేరే.)

మధ్యాహ్నం, ముందే సిద్ధమైన ఇంకో గుడ్డ మీద ఎరుపు నింపే పని. కుంచెతో గీత గీశాక మొదట బొమ్మల వెనక నేలకు ఎరుపు, తర్వాత ఒంటిరంగులు. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ. నగలు ఆ తర్వాత, నల్లగీత అన్నిటికన్నా చివర. ముందే వేస్తే ఎరుపు తడికి చెదిరి కళ్లు మసకబారతాయి. ఎరుపు ఒక్క గిన్నెలోనే చాలినంత కలుపుకోవాలి. నడుమలో అయిపోయి మళ్లీ కలిపితే ఛాయ మారుతుంది, అతుకు దూరం నుంచే కనపడుతుంది.

మిగిలిన చింతగింజల జిగురు దాస్తే పులుస్తుంది. దాన్ని రంపపు పొట్టులో పిసికి, కొబ్బరి చిప్పలతో చేసే ముఖాలకు (మాస్కులకు) ముక్కులు, చెంపలు పెట్టడమైంది. మందంగా ఒకేసారి పెట్టిన రెండు ముక్కులు సాయంత్రానికే చీలాయి. అవి గీకి మళ్లీ పలచగా వేయాలి.

అయిదింటికి కాస్త ఎండ కాసింది. గుడ్డ నడుమ ఆరింది, చట్రానికి ఆనిన అంచులు ఇంకా చల్లగానే ఉన్నాయి.