తెలుగు సైట్ మాకప్‌లో లోరెమ్ ఇప్సమ్ ఎందుకు పెట్టకూడదంటే

వెబ్‌సైట్ డిజైన్ చేసేవాళ్లలో ఒక అలవాటు చూస్తుంటాను. క్లయింట్ అడిగింది తెలుగు సైటే అయినా, మాకప్ (సైట్ ఎలా ఉంటుందో ముందుగా చూపించే నమూనా బొమ్మ) నిండా లోరెమ్ ఇప్సమ్ అనే అర్థంలేని లాటిన్ నింపుడు మాటలు నింపేసి, "ముందు లేఅవుట్ ఓకే అవనీ, తెలుగు తర్వాత మార్చుకోవచ్చులే" అంటారు. తీరా ఆ ఇంగ్లిష్ అక్షరాలతో ముచ్చటగా కుదిరిన పేజీలో తెలుగు పెట్టగానే బటన్‌లో మాటలు పట్టవు, ఒక్క లైన్ హెడ్డింగు మూడు లైన్లవుతుంది, పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. అప్పుడు మారేది తెలుగు కాదు, మొత్తం లేఅవుట్. నేనైతే మొదటి ఫ్రేమ్ నుంచే తెలుగు పెడతాను, అది కూడా ఏదో పేపర్లోంచి కాపీ కొట్టింది కాదు, క్లయింట్ ఇచ్చిన అసలు మ్యాటరే.

ఫోటోషాప్ రోజుల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. అప్పట్లో మాకప్ అంటే 960 పిక్సెళ్ల వెడల్పులో ఒక పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు), దాన్ని స్లైస్ టూల్‌తో ముక్కలు కోసి కోడింగ్ చేసేవాళ్ల చేతిలో పెట్టడం. తెలుగు యూనికోడ్ పేస్ట్ చేస్తే "స్త్రీ" కాస్తా విడివిడి అక్షరాలుగా, మధ్యలో పొల్లులతో కనిపించేది. తర్వాతి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్‌కి మారిస్తే సరిపోయేది కానీ, ఆ సెట్టింగ్ ఒకటి ఉందనే చాలామందికి తెలీదు. డీటీపీ నుంచి వచ్చినవాళ్లం కాబట్టి చేతికి అలవాటైన, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టేసేవాళ్లం. బొమ్మగా చూస్తే అద్భుతంగా ఉండేది, అక్షరాలు కాపీ చేస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వచ్చేది. ఇక కోడింగ్ చేసేవాళ్లు ఏం చేస్తారు, హెడ్డింగులన్నీ ఇమేజ్‌లుగా పెట్టేవాళ్లు, గూగుల్లో వెతికితే ఒక్క ముక్క దొరికేది కాదు. పైగా 2010లో ఈథన్ మార్కాట్ అనే వెబ్ డిజైనర్ రెస్పాన్సివ్ డిజైన్ (స్క్రీన్ వెడల్పుని బట్టి పేజీ సర్దుకోవడం) అంటూ వ్యాసం రాశాక, ఫోన్లు కూడా చేతికొచ్చాక, ఒకే వెడల్పులో ఒకే బొమ్మ గీసి ఇదే మీ వెబ్‌సైట్ అనడానికి అర్థం లేకుండా పోయింది.

అదే ఏడాది స్కెచ్ అనే డిజైన్ టూల్ వచ్చింది కానీ అది మ్యాక్‌కే, మనలో ఫ్రీలాన్స్ చేసుకునేవాళ్లలో ఎంతమందికి మ్యాక్ ఉంటుంది చెప్పండి. 2016లో ఫిగ్మా అనే ఇంకో టూల్ బ్రౌజర్లోనే నడిచేలా వచ్చేసరికి మామూలు విండోస్ లాప్‌టాప్ ఉన్నవాడు కూడా లైన్లోకొచ్చాడు.

సరే, అసలు పని. ఈమధ్య మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న షాపుకి సైట్ చేశాను. వాళ్ల కస్టమర్లు దాదాపు అందరూ వాట్సాప్‌లో లింక్ నొక్కి వచ్చేవాళ్లే, అందుకని ఫిగ్మాలో ఫోన్ స్క్రీనంత, 360 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేమ్‌తో మొదలుపెట్టాను, డెస్క్‌టాప్ సంగతి తర్వాత. చీర ఫోటో, పేరు, ధర ఉండే కార్డులు పక్కపక్కన రెండేసి పెడితే అంచులూ మధ్య ఖాళీ పోగా ఒక్కో కార్డుకి 160 పిక్సెళ్లు కూడా మిగలవు. అందులో "ముదురు ఆకుపచ్చ మంగళగిరి పట్టు చీర, నిజాం బోర్డర్" అన్న పేరు పట్టాలి. కార్డు ఎత్తు ఫిక్స్ చేసి క్లిప్ కంటెంట్ (పెట్టె దాటినదాన్ని కత్తిరించేది) టిక్ పెట్టారంటే చివరి లైను కింద ఒత్తులు సగానికి తెగిపోతాయి. ఆటో లేఅవుట్ పెట్టి, ఎత్తుని హగ్‌లో (లోపలున్న మ్యాటర్‌ని బట్టి మారేలా) వదిలేస్తే పేరు ఎన్ని లైన్లైనా కార్డు దానంతటదే సాగుతుంది. పక్కపక్క కార్డుల ధరలు ఒకే వరసలో ఉండవేమో అనిపిస్తే, పేరుకి కనీసం రెండు లైన్ల ఎత్తు ఇచ్చేయండి, మూడో లైను వస్తే రానివ్వండి.

లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, ఇంగ్లిష్‌కి అక్షరాల సైజుకి 1.5 రెట్లు చాలు అంటారు కదా, తెలుగుకి నేను 1.7 దగ్గర మొదలుపెడతాను, ఫాంట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. ఫిగ్మాలో వర్టికల్ ట్రిమ్ అని ఒకటుంది, ఇంగ్లిష్ పెద్దక్షరం ఎత్తు నుంచి బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) దాకా మాత్రమే పెట్టె లెక్కేస్తుంది. తెలుగులో ఒత్తులు బేస్‌లైన్ కిందికి దిగుతాయి, కాబట్టి దాని జోలికి పోవద్దు. ఇంగ్లిష్ టెంప్లేట్ల నుంచి ఊరికే వచ్చి చేరే ఇంకో రెండు జబ్బులు: చిన్న లేబుళ్లని అన్నీ పెద్దక్షరాల్లో దూరం దూరంగా పెట్టడం, పెద్ద హెడ్డింగుల్లో అక్షరాల మధ్య దూరాన్ని మైనస్‌లోకి లాగడం. మనకి పెద్దక్షరాలు లేవు, కాబట్టి లేబుల్‌కీ బాడీకీ తేడా సైజులోనో రంగులోనో బోల్డ్‌లోనో చూపించాలి. మైనస్ స్పేసింగ్ పెడితే తలకట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. సున్నా దగ్గరే వదిలేయండి.

బోల్డ్ అన్నాను కదా, అక్కడే ఇంకో చిక్కు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి చూడ్డానికి బాగుంటాయి కానీ ఒక్క వెయిట్‌లోనే (అక్షరం లావులోనే) ఉన్నాయి. ఫిగ్మాలో ఆ ఒక్కటే కనిపిస్తుంది. అదే బ్రౌజర్లో హెడ్డింగుకి బోల్డ్ అని రాసి ఉంటే, బ్రౌజర్ తనంతట తానే అక్షరాన్ని లావు చేసేస్తుంది, లోపలి కన్నాలు మూసుకుపోయి మురికిగా కనిపిస్తుంది. సైట్ మొత్తానికి ఒకే ఫాంట్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు లాంటి చాలా వెయిట్లున్నవి తీసుకుని, రామభద్రని లోగో దగ్గర వాడుకోండి.

ప్రోటోటైప్ (నొక్కితే స్క్రీన్లు మారే నమూనా) దగ్గర నా పద్ధతి కొంచెం మొండిగా ఉంటుంది. అన్ని స్క్రీన్లకీ బాణాలు లాగను. చీర ఎంచుకోవడం, ఫోటోలు పెద్దవి చేసి చూడటం, అడ్రస్ ఇవ్వడం, డబ్బు కట్టడం, ఈ ఒక్క దారికే లింకులు పెడతాను. మెనూ ఓవర్‌లేగా (పేజీ మీద) తెరుచుకుంటుంది, ఫోటో స్మార్ట్ యానిమేట్‌తో (మెల్లగా కదులుతూ) పెద్దదవుతుంది, అంతే. ఎందుకంటే ప్రోటోటైప్ ఎంత నున్నగా ఉంటే క్లయింట్ అంత తొందరగా పని అయిపోయిందనుకుంటారు. ఈ షాపు పెద్దాయన ఫోన్లో నొక్కి చూసి, "ఇంకేం బాబూ, అంతా వచ్చేసిందిగా, ఎల్లుండి మంచిరోజు, పెట్టేయండి" అన్నారు. లేదండీ, ఇది బొమ్మే, ఇక్కడ డబ్బు కడితే ఎవరికీ అందదు అని నచ్చజెప్పేసరికి టీ చల్లారిపోయింది. అప్పట్నుంచి మొదటి మీటింగ్‌కి రంగుల్లేని, బూడిదరంగు పెట్టెల ప్రోటోటైపే తీసుకెళ్తున్నాను. "రంగులేవండీ" అని అడుగుతారు, ఫర్వాలేదు, ఆ ప్రశ్న వస్తే ఇది ఇంకా పూర్తి కాలేదని వాళ్లకి అర్థమైనట్టే. ఇంకో లాభమేంటంటే, పెట్టెలు చూపిస్తే "ధర పైన ఉండాలి", "బ్లౌజ్ ఉందో లేదో ముందే చెప్పాలి" అని అసలు సంగతులు మాట్లాడతారు. రంగులు చూపిస్తే మీటింగ్ మొత్తం ఆకుపచ్చ మీదే.

ఎంత జాగ్రత్తపడ్డా మాకప్ టూల్ బ్రౌజర్ కాదు. లైను ఎక్కడ విరుగుతుందో రెండింట్లో ఒకేలా ఉండాలని లేదు. అందుకే డిజైన్ ఓకే అనకముందే ఒక ప్రోడక్ట్ పేజీని మామూలు హెచ్‌టీఎంఎల్‌లో రాసేసి, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి మరీ చూస్తాను. షాపుకొచ్చే పెద్దవాళ్లు ఫోన్ అలాగే వాడతారు కదా.

ఫిగ్మాకి డబ్బులు కట్టలేమనుకునేవాళ్లు పెన్‌పాట్ చూడండి, ఓపెన్ సోర్స్, బ్రౌజర్లోనే నడుస్తుంది, మన ఫాంట్ ఫైళ్లు ఎక్కించుకోవచ్చు. ఏ టూల్ అయినా సరే పని మొదలుపెట్టేముందు ఖాళీ ఫ్రేమ్‌లో ఈ మాటలు పేస్ట్ చేసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం, లక్ష్మి, సంస్కృతి. ఇవి సరిగ్గా కనిపించి, రెండు లైన్లలో పెట్టినప్పుడు ఒకదాన్నొకటి తగలకపోతే ఆ ఫాంట్‌తో ముందుకెళ్లొచ్చు.