గుస్తార్ నాకు తెలుగులోనే దొరికింది

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా. ఈ ఊళ్ళో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. 42వ ఏట స్పానిష్ మొదలుపెట్టినప్పుడు నాకు ధైర్యం ఆయనే.

రెండో వారంలోనే, ఇష్టాన్ని చెప్పే ‘గుస్తార్’ అనే క్రియ దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషు పుస్తకం చూసి, ‘నేను కాఫీని ఇష్టపడతాను’ అన్న వరసలో ‘యో గుస్తో ఎల్ కఫే’ అని రాశాను. తప్పు. ‘మే గుస్తా ఎల్ కఫే’ అనాలి. మామిడిపళ్ళయితే ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’. తినేది నేనొక్కదాన్నే కదా, క్రియకు బహువచనం ఎందుకు? నియమం కంఠస్థం చేశాను. అయినా నోరు తెరిస్తే ‘యో’, అంటే ‘నేను’ అనే వచ్చేది.

ఒక సాయంత్రం పక్కింటి పిన్నిగారు, తాను పంపిన మామిడిపళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. “నాకు చాలా నచ్చాయండీ” అన్నాను. అన్న మరుక్షణమే ఆ మాట నన్ను పట్టుకుంది. నచ్చాను అనలేదు, నచ్చాయి అన్నాను. క్రియ నన్ను వదిలి పళ్ళ వెంట వెళ్ళింది! ‘మే’ అంటే నాకు, ‘గుస్తాన్’ అంటే నచ్చుతాయి. ఒడియాలో ‘మోతే భల లాగే’ (నాకు నచ్చుతుంది) అన్నా ఇదే తీరు. రెండు భాషల్లో రోజూ అంటున్న మాట కోసం ఇంగ్లీషు చుట్టూ తిరిగాను.

అక్కడి నుంచి దారి సుళువైంది. ‘మే గుస్తా లేయెర్’, నాకు చదవడం నచ్చుతుంది. ‘మే గుస్తాస్’ అని మాత్రం ఆలోచించి అనాలి. ‘నువ్వు నాకు నచ్చావు’ అంటే మన దగ్గర ఏం ధ్వనిస్తుందో అక్కడా అదే. స్నేహంగా చెప్పాలంటే ‘మే కాయెస్ బియెన్’ అంటారు.

తెలుగు ఆదుకోని చోటు ఒకటుంది. ‘మా అమ్మకు కాఫీ నచ్చుతుంది’ అనడానికి ‘ఆ మి మాద్రే లే గుస్తా ఎల్ కఫే’ అనాలి. ‘మా అమ్మకు’ అన్నాక కూడా ‘ఆమెకు’ అనే ‘లే’ ఉండాల్సిందే. ఇప్పటికీ దాన్ని మరిచిపోతుంటాను.

నొప్పికి వాడే ‘దోలెర్’ కూడా ఈ కుదురుదే. నిన్న రాత్రి అమ్మ “కాళ్ళు నొప్పెడుతున్నాయే” అంది. కొబ్బరినూనె రాస్తూ ఆమె మాటనే స్పానిష్‌లో చెప్పి చూశాను: ‘మే దుయెలెన్ లోస్ పియెస్.’ అక్కడా కాళ్ళదే బహువచనం.