డబుల్ ప్రమోషన్

మా అక్క కొడుకు ఇక్కడ టెక్సస్‌లో, డెంటన్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి, మే నెలాఖరున ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చాడు. వాడికి 24 ఏళ్లు. జూలైలో ఒక రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి, "ఒకసారి చూడు మావయ్యా, కన్సల్టెన్సీ వాళ్లు తయారు చేసి పంపించారు" అన్నాడు. ఎనిమిది పేజీల రెజ్యూమె. పైన వాడి పేరు, దాని కింద సీనియర్ డేటా ఇంజనీర్, 7 ఏళ్ల అనుభవం. ఏడేళ్ల కిందట వీడు తెనాలిలో ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీకి వెళ్లడానికి సైకిల్ కొనుక్కోమని డబ్బు పంపింది నేనే.

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక విద్యార్థి వీసాతోనే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి మీద ఉన్నవాళ్లు ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. వాడికి అప్పటికే 41 రోజులు గడిచిపోయాయి. ఫోన్ తెరవగానే ఆ అంకె కనిపించేలా పెట్టుకున్నాడు. అలాంటి పిల్లాడి ముందు కూర్చుని నిజాయితీ గురించి పాఠం చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు సాయంత్రం బేస్‌బాల్ చూద్దాం రమ్మని తీసుకెళ్లాను.

ఫ్రిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో రఫ్‌రైడర్స్ మైదానానికి ఒక్కసారైనా వెళ్లనివాళ్లు తక్కువే అనుకుంటాను. అవుట్‌ఫీల్డ్ పక్కన లేజీ రివర్ అని నీళ్ల కాలువ ఉంటుంది, అందులో ట్యూబ్ మీద తేలుతూ ఆట చూడొచ్చు. ఆట అయ్యాక కొన్ని రాత్రులు బాణసంచా కాలుస్తారు. నేనూ మొదట పిల్లల కోసమే వెళ్లాను. పోనుపోను నీళ్లనీ బాణసంచానీ వదిలేసి, ఆడే కుర్రాళ్లను చూడడం అలవాటైపోయింది.

రఫ్‌రైడర్స్ అంటే, బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై మెట్టయిన మేజర్ లీగ్‌లో ఆడే టెక్సస్ రేంజర్స్‌కి కింది టీమ్. బేస్‌బాల్‌లో ఎంత పేరున్న కుర్రాణ్ణయినా డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే చోట, తీసుకున్నాక నేరుగా మేజర్ లీగ్‌లో దింపడం చాలా అరుదు. కింద మెట్లుంటాయి: రూకీ, లో-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. ఫ్రిస్కో నాలుగో మెట్టు, డబుల్-ఎ. మంగళవారం నుంచి ఆదివారం దాకా రోజూ ఆట, సోమవారం సెలవు. తుల్సా, అమరిల్లో, కార్పస్ క్రిస్టీ అంటూ బస్సుల్లో తిరుగుతుంటారు. 2023లో యూనియన్ ఒప్పందం కుదిరేదాకా ఈ మెట్టు మీద ఏడాదికి కనీస జీతం 13,800 డాలర్లు. ఒప్పందంతో 30,250 అయింది. ఫ్రిస్కోలో అద్దె కట్టేవాళ్లకి ఆ అంకెలు చూస్తే విషయం అర్థమైపోతుంది. కాబట్టి పై మెట్టుకి తొందరగా వెళ్లాలని టీమ్ కంటే ఎక్కువగా ఆ కుర్రాడికే ఉంటుంది. వాడికి తొందరెందుకని మనం సోఫాలో కూర్చుని అనకూడదు.

ఆ మెట్ల కథ నాకు చెప్పింది మా ఆఫీసులో డేటాబేస్‌లు చూసే పెద్దాయన. ఆర్లింగ్టన్‌లో పుట్టి పెరిగినవాడు. 1973 జూన్ 27న, తనకి పదేళ్లప్పుడు, వాళ్ల నాన్న భుజం మీద కూర్చుని డేవిడ్ క్లైడ్‌ని చూశాడట. లంచ్‌లో ఎప్పుడు బేస్‌బాల్ మాట వచ్చినా ఆయన క్లైడ్ దగ్గరికే వచ్చి ఆగుతాడు.

క్లైడ్ హ్యూస్టన్ కుర్రాడు, ఎడమచేత్తో బంతి వేసే పిచర్. ఆ ఏడాది హైస్కూల్లో 18 ఆటలు గెలిచి ఒక్కటీ ఓడలేదు. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే. అప్పటి రేంజర్స్ టీమ్ పరిస్థితి ఘోరంగా ఉంది. వాషింగ్టన్ నుంచి టెక్సస్‌కి వచ్చి రెండో ఏడాది, చూడ్డానికి జనం రావడం లేదు. ఆ సీజన్‌లో 105 ఆటలు ఓడిపోయారు. యజమాని బాబ్ షార్ట్‌కి డబ్బు కావాలి. అందుకని హైస్కూల్ ముగిసి నెల తిరక్కుండానే ఆ 18 ఏళ్ల పిల్లాణ్ణి మేజర్ లీగ్ మైదానంలో నిలబెట్టాడు. ఆ రాత్రి 35,000 మందికి పైగా వచ్చారు. కార్లు రోడ్డు మీదే ఆగిపోతే ఆట మొదలుపెట్టడం ఆలస్యం చేశారు. క్లైడ్ మొదటి ఇద్దరు బ్యాటర్లకీ సరైన చోట బంతి, అంటే స్ట్రైక్, వేయలేక ఊరికే బేస్ ఇచ్చేశాడు, తర్వాత ముగ్గుర్నీ బంతి కొట్టనివ్వకుండా వరుసగా స్ట్రైకౌట్ చేశాడు. ఐదు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ ఇచ్చి, ఎనిమిది మందిని స్ట్రైకౌట్ చేసి గెలిచాడు. "మా నాన్న ఏడ్చాడు" అంటాడు మా పెద్దాయన.

రెండు ఆటలు ఆడించి కింది లీగ్‌కి పంపాలన్నది మొదటి ఒప్పందం. అయితే క్లైడ్ ఆడిన రాత్రి టికెట్లు అమ్ముడుపోతున్నాయి. పంపలేదు. ఆ ఏడాది 4 గెలిచి 8 ఓడాడు. తర్వాత భుజం నొప్పులు, సర్జరీ, క్లీవ్‌లాండ్‌లో కొంతకాలం. మేజర్ లీగ్‌లో మొత్తం మీద 18 గెలుపులు, 33 ఓటములు. 26 ఏళ్లకే ఆట మానేసి, మామగారి కలప వ్యాపారంలో చేరాడు. ఆటగాళ్ల పెన్షన్‌కి కావాల్సిన సర్వీసులో, అంటే మేజర్ లీగ్‌లో గడపాల్సిన రోజుల్లో, 37 రోజులు తగ్గాయి. ఆ 37 రోజుల మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఇక్కడ మన బతుకులూ రోజుల లెక్క మీదే నడుస్తాయి.

నాకు చిన్నప్పుడు మూడో తరగతి లేదు. మా ఊరి ప్రైవేటు బడి మాస్టారు "వీడు చురుకైనవాడు, డబుల్ ప్రమోషన్ ఇద్దాం" అంటే రెండో తరగతి నుంచి నాలుగుకి వెళ్లాను. ఇంట్లో పండగ. అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. మూడో తరగతిలో చెప్పే భాగహారం నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగులో అది వచ్చినట్టే లెక్క వేసి ముందుకెళ్లారు. రెండంకెల భాగహారం వస్తే పక్కవాడి పలక మీద చూసి రాసేవాణ్ణి. అది ఎనిమిదో తరగతి దాకా సాగింది. నాకు లెక్కలు రాక కాదు, అది రాదని చెప్పుకునే చోటు లేక. చురుకైనవాడని పేరు పడ్డాక, రాదని ఎలా అంటాం?

పిచర్ల విషయంలోనూ జరిగేది ఇదేనని ఏళ్ల తరబడి చూశాక అర్థమైంది. గంటకి 98 మైళ్ల వేగంతో వేసే కుర్రాడు కింది మెట్ల మీద ఆ ఒక్క వేగంతోనే గెలిచేస్తాడు. బ్యాటర్లు చెత్త బంతుల వెంటపడి అవుటవుతారు. డబుల్-ఎ దగ్గరికొచ్చేసరికి బ్యాటర్ ఆగుతాడు. చెత్త బంతిని వదిలేస్తాడు. ఇక అక్కడ రెండో రకం బంతి, మూడో రకం బంతి నేర్చుకోవాలి. నేర్చుకునేటప్పుడు దెబ్బలు తినాలి. వేల మంది ముందు, ప్రతి బంతీ టీవీలో కనిపించే మేజర్ లీగ్‌లో కొత్త బంతి ప్రయత్నించి దెబ్బ తినే ధైర్యం ఎవరికుంటుంది? వచ్చిందే మళ్లీ మళ్లీ వేస్తాడు, ఇంకా గట్టిగా వేస్తాడు. చెయ్యి పోతుంది.

2012లో నాకు జరిగింది చెప్తాను. అప్పుడు నేనూ ఒక కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో, ఏడుగురితో కలిసి రెండు బెడ్‌రూముల్లో ఉన్నాను. నా రెజ్యూమెలో 6 ఏళ్లు పెట్టారు. ఫోన్ ఇంటర్వ్యూ నా పేరుతో ఇంకెవరో ఇచ్చారు. ఒహాయోలో ఒక క్లయింట్ దగ్గర సీనియర్ డెవలపర్‌గా చేరాను. గంటకి వచ్చే రేటులో 30 శాతం కన్సల్టెన్సీది. పని రాదు కాబట్టి రాత్రుళ్లు హైదరాబాద్ నుంచి ఒకబ్బాయి జాబ్ సపోర్ట్ చేసేవాడు. స్క్రీన్ షేర్‌లో అతను కోడ్ రాస్తుంటే నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. పగలు మీటింగ్‌లో ఎవరైనా "ఇది ఇలా ఎందుకు రాశావు?" అని అడిగితే గుండె దడదడలాడేది. ఒక సీనియర్ ఆవిడ మంచి మనసుతో నేర్పడానికి వచ్చేది. ఆవిణ్ణి చూస్తేనే టెన్షన్. ఒక్క ప్రశ్న అడిగితే నాకేమీ రాదని తెలిసిపోతుందని తప్పించుకు తిరిగేవాణ్ణి. నేర్పేవాళ్లు పక్క సీట్లోనే ఉన్నారు, నేర్చుకోవడానికి మాత్రం నాకు వీల్లేదు. ఐదో వారం శుక్రవారం మధ్యాహ్నం బ్యాడ్జ్ ఇచ్చేయమన్నారు. నా మీద నమ్మకంతో ఆ సీటు ఇచ్చినవాళ్లకి నేను చేసింది మోసమే. ఆ మాట అనుకోకుండా ఉండలేను. కన్సల్టెన్సీ వాళ్లు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఈసారి 8 ఏళ్లు పెడదామన్నారు.

నేను వద్దన్నాను. మూడు నెలలు తిరిగి, చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. జీతం సగం. మా లీడ్ మొదటి రోజే "నీకేం వచ్చు, ఏం రాదు, రాసివ్వు" అంది. రాదన్న జాబితా పేజీన్నర వచ్చింది. మొదటిసారి నిద్రపట్టింది.

అందుకే జాక్ లైటర్ అనే పిచర్‌ని నేను అంత శ్రద్ధగా చూశాను. 2021 డ్రాఫ్ట్‌లో రెండో పేరు. తండ్రి ఆల్ లైటర్ కూడా మేజర్ లీగ్ పిచర్. రేంజర్స్ 79 లక్షల డాలర్లు బోనస్ ఇచ్చి, కింది మూడు మెట్లూ దాటించి 2022లో నేరుగా ఫ్రిస్కోకి పంపారు. డబుల్ ప్రమోషన్ కంటే ఎక్కువే. ఆ వేసవిలో రెండు మూడు సార్లు అతన్ని దగ్గర నుంచి చూశాను. బంతి దూసుకుపోయేది. ఎక్కడ పడుతుందో మాత్రం అతనికే తెలిసేది కాదు. ఆ ఏడాది 3 గెలిచి 10 ఓడాడు. స్టాండ్స్‌లో "వీడి పని అయిపోయింది" అన్న మాటలు విన్నాను. మరుసటి ఏడాది మధ్యలో కొన్ని వారాలు ఆటలోంచి తప్పించి, బంతి వేసే తీరునే సరిదిద్దారు. 2024లో మేజర్ లీగ్‌కి వెళ్లి మొదటి ఆటలోనే ఏడు పరుగులిచ్చాడు. మళ్లీ కిందికి పంపారు. 2025కి రేంజర్స్ రొటేషన్‌లో, అంటే వంతులవారీగా ఆట మొదలుపెట్టే పిచర్లలో, కుదురుకున్నాడు.

తొందరపెట్టడం తప్పా అని అడిగితే నేను లైటర్ పేరూ క్లైడ్ పేరూ పక్కపక్కన పెట్టుకుంటాను. ఇద్దర్నీ తొందరపెట్టారు. లైటర్ పడినప్పుడు దిగడానికి ఒక మెట్టుంది, అక్కడ నేర్పే మనుషులున్నారు, టీమ్‌కి ఓపికుంది. బాల్టిమోర్ టీమ్‌లో జాక్సన్ హాలిడే అనే బ్యాటర్ సంగతి కూడా అంతే. 2024 ఏప్రిల్‌లో 20 ఏళ్లకే పైకి తెచ్చారు. 34 సార్లు బ్యాటు పట్టి రెండే హిట్లు, 18 స్ట్రైకౌట్లు. పది ఆటలకే నార్‌ఫోక్‌కి, ట్రిపుల్-ఎకి పంపేశారు. జూలై 31న తిరిగొచ్చిన రోజే గ్రాండ్ స్లామ్, అంటే ఒకే దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టాడు. క్లైడ్‌కి ఆ మొదటి వేసవిలో నార్‌ఫోక్ లాంటి చోటు దొరకలేదు. టికెట్లు అమ్ముడుపోతున్నాయి కాబట్టి దొరకనివ్వలేదు.

తొందర టీమ్‌ది కానప్పుడు ఆపడం కూడా టీమే చేస్తుంది. 2015లో షికాగో కబ్స్ టీమ్ వాళ్లు క్రిస్ బ్రయంట్ అనే కొత్త బ్యాటర్‌ని సీజన్ మొదట్లో కింద ఉంచి ఏప్రిల్ 17న తెచ్చారు. ఆ ఏడాది అతనికి 171 రోజుల సర్వీసు వచ్చింది. పూర్తి ఏడాదికి కావాల్సింది 172. ఆ ఒక్క రోజుతో అతను టీమ్ మారే స్వేచ్ఛ ఒక ఏడాది వెనక్కి పోయింది. ఇంకా నేర్చుకోవాల్సింది ఉందని టీమ్ అన్నది. ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ అతనే. పైకి లాగినా కింద ఆపినా లెక్క ఎవరిదో చూడు, మా మేనల్లుడికి ఆ సాయంత్రం చెప్పాలనుకున్న మాట ఇదే. కన్సల్టెన్సీకి వీడు 7 ఏళ్లవాడైతే గంట రేటు ఎక్కువ. వీణ్ణి తీసేస్తే ఇంకొకడు దొరుకుతాడు. వీడికి మిగిలేది 90లో మిగిలిన రోజులు.

ఆ రాత్రి ఫ్రిస్కో పిచర్ ఒక కుర్రాడు, మూడో ఇన్నింగ్స్‌లో వరుసగా నాలుగు హిట్లిచ్చాడు. కోచ్ వచ్చి బంతి తీసుకున్నాడు. కుర్రాడు డగౌట్ చివర తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఇంకొకతను పక్కన చేరి చేతి వేళ్లతో బంతి పట్టుకునే తీరు చూపించసాగాడు. మా వాడు ఆట చూడడం మానేసి వాళ్లనే చూస్తున్నాడు.

"ఇతన్ని తీసేస్తారా మావయ్యా?"

"లేదురా. వారం తిరిగేలోపు మళ్లీ ఇతనే వేస్తాడు."

ఇంటికొచ్చే దారిలో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మర్నాడు వాడు రెజ్యూమె రెండు పేజీలు చేశాడు. ఇక్కడ చదువుకుంటూ చేసిన క్యాంపస్ ఉద్యోగం, ఇండియాలో చేసిన పది నెలల ఉద్యోగం, ప్రాజెక్టులు. కన్సల్టెన్సీ వాళ్లకి పంపితే, దీన్ని మార్కెటింగ్‌లో పెట్టలేమన్నారు. వాడు నా మీద రెండు రోజులు అలిగాడు. మా అక్క ఫోన్ చేసి "నీ మాట విని వాడు వెనక్కొచ్చేస్తే అప్పు ఎవడు తీరుస్తాడ్రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు రోజూ రాత్రి పది గంటలకి వాడూ నేనూ ఉద్యోగాలకి అప్లై చేస్తున్నాం. రెండు ఇంటర్వ్యూలయ్యాయి, ఒకటి ఎంట్రీ లెవెల్ టెస్టింగ్‌ది. ఈ రోజుతో 63.

మంగళవారం రఫ్‌రైడర్స్ మళ్లీ ఊళ్లో ఆడతారు. రెండు టికెట్లు తీశాను.